డ్రైవర్ డోర్ లాక్ బాగైంది, సాయం చేసిన అందరికీ థ్యాంక్స్

మూడు వారాలుగా నన్ను సతాయించిన మా కారు డ్రైవర్ డోర్ లాక్ మొన్న ఆదివారం నుంచి బుద్ధిగా పని చేస్తోంది. రిమోట్ నొక్కితే నాలుగు డోర్లూ ఒకేసారి టక్కుమంటున్నాయి. ఆ శబ్దం కోసం మొదటి రోజు ఊరికే ఓ ఇరవై సార్లు నొక్కి ఉంటాను, బ్యాటరీ దించేస్తావా ఏంటని ఇంట్లోవాళ్లు తిట్టేదాకా. లాక్ ఎందుకు పని చేయట్లేదని ఇక్కడ అడగ్గానే జవాబిచ్చిన వాళ్లకు విడివిడిగా చెప్పాల్సింది గానీ, ఎవరు ఏం చెబితే ఏం తేలిందో ఒకచోట రాస్తే ఇదే తంటా పడుతున్న ఇంకొకరికి పనికొస్తుందని ఇలా రాస్తున్నా.

ముందు నా నిర్వాకం. మొదట్లో రెండుసార్లు నాలుగు లాకులూ ఒకేసారి ఆగిపోయాయి. రెండుసార్లూ పోయింది లాకింగ్ ఫ్యూజే, 20 ఆంపియర్లది. మార్చాను, నడిచింది. ఆ తర్వాత మిగతా మూడూ బాగానే ఉండి డ్రైవర్ డోర్ ఒక్కటే మొండికేసింది. వర్క్‌షాప్‌లో చూపిస్తే కంట్రోల్ మాడ్యూల్ (లాకుల్ని నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె) పోయింది, మార్చాల్సిందే అన్నారు. అంత ఖర్చు పెట్టబుద్ధి కాక, యాక్చుయేటర్ (డోర్ లోపల లాక్‌ని కదిలించే చిన్న మోటారు) పోయి ఉంటుందిలే అనుకుని నేనే కొత్తది కొని బిగించాను. రెండు రోజులు నడిచి మళ్లీ ఆగింది. అప్పుడు మల్టీమీటర్ తెచ్చి యాక్చుయేటర్ ప్లగ్ దగ్గర పెడితే, బటన్ నొక్కినప్పుడల్లా అంకె 12 వోల్టుల దగ్గరికి ఎగిరి పడిపోతోంది. కరెంటు వస్తోంది, మోటారు కొత్తది, అయినా కదలదు. పిచ్చెక్కిపోయింది.

"బల్బు పెట్టి చూశావా" అని ఒక్క ముక్కలో అడిగిన అన్నా, మొదటి దండం మీకే. నిజం చెప్పాలంటే అది చదవగానే కాస్త చిరాకేసింది, మీటరుండగా బల్బెందుకు అని. మీరు ఓపిగ్గా విడమర్చి చెప్పాక గానీ నా బుర్రకెక్కలేదు. మీటరు తీసుకునే కరెంటు దాదాపు సున్నా, కాబట్టి వైరులో రాగి పోగు ఒక్కటి మిగిలి ఉన్నా దానికి 12 వోల్టులు కనపడతాయి. మోటారు తిరగాలంటే ఆంపియర్లలో కరెంటు కావాలి, అంత లాగేసరికి వోల్టేజీ చాలావరకు ఆ సన్నటి పోగు దగ్గరే ఖర్చైపోతుంది. 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టి ప్లగ్‌లో పెట్టాను, మా తమ్ముడు రిమోట్ నొక్కాడు. బల్బులో ఫిలమెంట్ ఎర్రటి వెంట్రుకలా ఒక్కసారి కనపడి ఆరిపోయింది, అంతే. పక్క డోర్ ప్లగ్‌లో పెడితే అదే బల్బు జిగేల్‌మంది.

ఇక ఫ్యూజ్ సంగతి అడిగిన అక్కకి. "ఫ్యూజ్ పోయింది లాక్ చేసినప్పుడా, అన్‌లాక్ చేసినప్పుడా?" అప్పటిదాకా ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. గుర్తు చేసుకుంటే రెండుసార్లూ కారు ఆపి లాక్ చేస్తుంటేనే పోయింది. నా కారులో ఉన్నలాంటి రెండు వైర్ల యాక్చుయేటర్‌కి మామూలప్పుడు రెండు వైర్లూ ఎర్త్‌కే కలిసి ఉంటాయట, లాక్ నొక్కితే ఒకదానికి క్షణంపాటు ప్లస్ వస్తుంది, అన్‌లాక్ నొక్కితే రెండోదానికి, అందుకే మోటారు ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతుంది. కాబట్టి లాక్ వైరు తొడుగు చిరిగి బాడీకి తగులుతుంటే మిగతా సమయంలో ఏమీ తెలియదు, లాక్ నొక్కిన ఆ క్షణంలోనే షార్టయి ఫ్యూజ్ ఎగిరిపోతుంది. మాడ్యూల్ సంగతి తర్వాత, ముందు డోర్‌కీ బాడీకీ మధ్య వైర్లు వెళ్లే రబ్బరు గొట్టం విప్పి చూడు అన్నారు. ఈసారి పోతే వేద్దామని నేను 30 ఆంపియర్ల ఫ్యూజ్ కొని పెట్టుకున్నానని చెప్పినందుకు, ఫ్యూజ్ బదులు వైరే కాలుతుందని పెట్టిన చీవాట్లు కూడా గుర్తున్నాయి అక్కా. దాన్ని అవతల పడేశాను.

బ్యాటరీ నెగటివ్ తీసేసి గొట్టం వెనక్కి జరిపాను. పైకి చూస్తే వైర్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఒక్కోదాన్నీ రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగమన్నారు కదా, అలా లాగుతూ పోతే ఒకటి రబ్బరు బ్యాండులా సాగింది! కోసి చూస్తే లోపల చిలుము పట్టిన పోగులు రెండే మిగిలాయి, మిగతాదంతా పైన ప్లాస్టిక్ పట్టుకుని నిలబెడుతోంది. దాని పక్కనున్న లాక్ వైరుకి సరిగ్గా వంపు దగ్గర తొడుగు పగిలి రాగి బయటపడింది, ఫ్యూజులు తిన్న దొంగ అదే. అన్ని డోర్లలోకీ ఎక్కువ తీసి వేసేది డ్రైవర్ డోరే, వేసిన ప్రతిసారీ ఆ వైర్లు అక్కడే వంగుతాయి. కొత్త యాక్చుయేటర్ రెండు రోజులు ఎలా నడిచిందో కూడా అప్పుడే అర్థమైంది, బిగించేటప్పుడు నేను వైర్లు గుంజిన గుంజుడికి ఆ పోగులు కాసేపు సర్దుకున్నాయి.

నాకు వదిలేస్తే అక్కడే మెలిపెట్టి టేపు చుట్టేసేవాణ్ని. వద్దని ఆపిన పెద్దాయనకి నమస్కారాలు. సార్, మీరు చెప్పినట్టే రెండు వైర్లూ రెండు వైపులా మంచి రాగి కనపడేదాకా కోసి, అదే మందంలో సన్న పోగుల వైరు ముక్కలు వేశాను. అతుకు ఒకటి డోర్ లోపల, ఒకటి బాడీ వైపు, గొట్టంలో మాత్రం ఒక్కటి కూడా లేదు, ఎందుకంటే సోల్డర్ పెట్టిన చోటు బిరుసెక్కి వంగితే మళ్లీ తెగుతుంది. రెండు వైర్ల అతుకులూ పక్కపక్కన రాకుండా చూసుకుని, హీట్ ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకుని అతుకును గట్టిగా పట్టుకునే గొట్టం) తొడిగి, డోర్ పూర్తిగా తెరిచినా లాగకుండా కాస్త వదులు ఉంచాను. డోర్ లోపలి ప్యానెల్‌ని పట్టి ఉంచే ట్రిమ్ క్లిప్పులు రెండు విరిగాయి, అవి నా ఖాతాలోనే. లోపలి ప్లాస్టిక్ షీటు తిరిగి అంటించడం మర్చిపోవద్దని గుర్తు చేసినవాళ్లకి కూడా థ్యాంక్స్, నిజంగానే మర్చిపోయి ప్యానెల్ బిగించి మళ్లీ విప్పాను.

అన్నట్టు, పనికిరాదని తీసి పక్కన పడేసిన పాత యాక్చుయేటర్‌కి ఫ్యూజున్న వైరుతో నేరుగా బ్యాటరీ నుంచి కరెంటిచ్చి చూశా. టక్. వైర్లు తిప్పి ఇచ్చా. మళ్లీ టక్. కాబట్టి నా దగ్గర బంగారం లాంటి డ్రైవర్ డోర్ యాక్చుయేటర్ ఒకటి ఖాళీగా ఉంది, ఎవరికైనా కావాలంటే చెప్పండి, కాకపోతే ముందు మీ వైర్లు లాగి చూసుకుని అడగండి.