చింబొరాజో మీంచి మా తమ్ముణ్ణి దించినవాళ్లకు

తమ్ముడు బాగున్నాడు. ఫోన్లు ఆగడం లేదు కాబట్టి ముందు ఈ మాట చెప్పేస్తున్నాను. ఉద్యోగంలోకి వెళ్తున్నాడు, అమ్మ చేత తిట్లూ తిన్నాడు. శిఖరం మీద ఫొటో ఏదీ అని అడుగుతున్నారు. లేదండీ, మేం పైదాకా వెళ్లలేదు. వెళ్లనివ్వని మనిషికి దణ్ణం పెట్టుకోవడానికే ఇదంతా రాస్తున్నాను. పేరు రాయొద్దని ఆయనే అన్నాడు, అందుకని గైడు అనే అంటాను.

ఈక్వడార్‌లోని చింబొరాజో నిద్రపోతున్న అగ్నిపర్వతం. ఎత్తు 6,263 మీటర్లు, నెత్తినంతా మంచు. ఇది ఎవరెస్ట్ కంటే ఎత్తని వాట్సాప్‌లో తిరిగేది సగమే నిజం. భూమి నడుము దగ్గర, అంటే ఈ కొండ ఉన్న భూమధ్యరేఖ వైపు, ఉబ్బి ఉంటుంది కాబట్టి, భూకేంద్రం నుంచి కొలిస్తే ఈ శిఖరమే అన్నిటికన్నా దూరం. సముద్రమట్టం నుంచి కొలిస్తే ఎవరెస్టే. ఊపిరి ఆడకుండా చేయడానికి మాత్రం ఈ ఎత్తు చాలు.

4,850 మీటర్ల దగ్గరున్న కారెల్ షెల్టర్ నుంచి రాత్రిపూటే బయల్దేరాం. ఎండెక్కితే మంచు వదులై పైనుంచి రాళ్లు దొర్లుతాయి, ఆలోగా దిగొచ్చేయాలి. ఒకే తాడుకు గైడు, నేను, తమ్ముడు.

5,700 దాటాక గైడు ఆగిపోయాడు. వెనకనుంచి తాడు లాగుతున్న తీరు బాలేదట. తమ్ముడి మొహం మీద లైటు వేసి, "రాత్రి షెల్టర్‌లో ఏ సూపు తాగావు?" అని అడిగాడు. మేం తాగింది లోక్రో, బంగాళదుంపలూ చీజూ వేసి కాచేది. తమ్ముడు ఏమాత్రం తడుముకోకుండా "ఉలవచారు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కాళ్లలో వణుకు వచ్చింది. గైడుకు ఆ మాట తెలియదు, నా మొహం చూసి తెలుసుకున్నాడు. ఒక కాలి మడమను ఇంకో కాలి వేళ్లకు ఆనిస్తూ నడవమంటే తమ్ముడు రెండో అడుగులోనే పక్కకు ఒరిగిపోయాడు.

ఎత్తు వల్ల మెదడుకు వాపు వస్తే ఇలాగే ఉంటుందట. కిందికి దించడమే అసలు మందు. మిగతావి కాస్త టైమ్ ఇస్తాయంతే. గైడు వాపు తగ్గించే డెక్సామెథసోన్ మాత్ర మింగించి తాడు మార్చి కట్టాడు. ముందు నేను, మధ్యలో తమ్ముడు, అందరికంటే పైన తను. దిగేటప్పుడు ఎవరు జారినా పట్టేది పైనున్నవాడే. "ఇంకాస్తే కదా, అక్కా, నువ్వైనా చెప్పు" అని తమ్ముడు గొడవపడుతుంటే ఆయన వాదించలేదు, కసురుకోలేదు. "డెస్పాసియో, డెస్పాసియో" అంటూ, అంటే మెల్లగా మెల్లగా అంటూ, అడుగడుక్కీ తాడు బిగించి పట్టుకుని దించాడు.

మా వెనకొస్తున్న కొలంబియా అమ్మాయి, ఆమె గైడు కూడా ఆగారు. నన్ను తమ తాడుకు కట్టుకుని పైకి తీసుకెళ్తామన్నారు. వద్దన్నాను. ఆ అమ్మాయి బెల్లం నీళ్ల ఫ్లాస్కు తీసి నా బ్యాగులో పెట్టేసింది, తనకు ఇంకా ఎంతో దూరం ఉందని తెలిసీ. ఆమె గైడు షెల్టర్‌కు రేడియోలో చెప్పాడు. మేం వింపర్ షెల్టర్ చేరేసరికి కింది షెల్టర్ చూసుకునే పెద్దాయనా, మా డ్రైవరూ ఆక్సిజన్ సిలిండరు మోసుకుని ఆ 5,000 మీటర్ల ఎత్తుకు వచ్చేసి ఉన్నారు. డ్రైవరు చలికోటు కూడా వేసుకోలేదు.

ఆ రెండు షెల్టర్ల పేర్ల గురించి ఒక మాట. 1880లో ఈ కొండను మొదట ఎక్కింది ఎడ్వర్డ్ వింపర్ అనే ఆంగ్లేయుడు, ఆయన్ను నడిపించిన ఇటలీ గైడు జాన్-ఆంటోయిన్ కారెల్, ఇంకో గైడు లూయీ కారెల్. పదేళ్ల తర్వాత ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్ కొండ మీద తుఫానులో చిక్కుకున్నప్పుడు, జాన్-ఆంటోయిన్ తనను నమ్ముకొచ్చినవాళ్లను క్షేమంగా దించి తను ప్రాణం వదిలాడు. శిఖరం ఎక్కిన దొరకంటే ఈ గైడే నాకు గొప్పగా కనిపిస్తున్నాడు. మా గైడుదీ అదే కులం అంటాను.

రియోబాంబా ఆసుపత్రిలో డాక్టర్లకీ నర్సులకీ ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. నా స్పానిష్ అంతంతమాత్రం. టెక్సాస్‌లో డాక్టరుగా ఉన్న మా బావ నిద్ర మానుకుని ఫోన్లో వాళ్లతో మాట్లాడాడు. బావా, నీకు ఇంటికొచ్చి చెప్తాను.

కొలంబియా అమ్మాయి ఆ ఉదయమే శిఖరం చేరిందట. ఫ్లాస్కు గైడు చేతికిచ్చి వచ్చాం. అందిందని నిన్న మెసేజ్ పెట్టింది.