మార్కల్టన్ దాటాక కలిసిన పెద్దాయనకు

నిన్న రాత్రి పదిన్నరకి ఇల్లు చేరాను. కాళ్లు ఇంకా తొక్కుతున్నట్టే ఉన్నాయి. బాగా నిద్రపోయి లేచాక నిదానంగా రాద్దామనుకున్నాను కానీ నిద్రే పట్టలేదు. కళ్లు మూస్తే చాలు, ఆయన నా చేతుల మీద నీళ్లు పోయడమే కనిపిస్తోంది. అందుకే ఇప్పుడే కూర్చున్నాను. ఎక్కడైనా తడబడితే ఏమనుకోకండి.

మేరీల్యాండ్‌లోని కంబర్లాండ్ నుంచి పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ దాకా 150 మైళ్లు సైకిల్ తొక్కుకుంటూ వెళ్లాను. గ్రేట్ అలెఘేనీ ప్యాసేజ్ అంటారు ఆ దారిని. రైళ్లు ఆగిపోయిన పాత మార్గంలో పట్టాలు తీసేసి, ఆ కట్ట మీద సున్నపురాయి పొడి పరిచారు. కార్లు రావు. రెండేళ్ల క్రితం ఒక కారు అద్దం మోచేతికి తగిలి రోడ్డు మీద పడ్డాను. అప్పటినుంచి వెనకాల ఇంజన్ చప్పుడు వినిపిస్తే నా భుజాలు వాటంతటవే బిగుసుకుపోతాయి. అలాంటిది ఈ దారిలో మొదటి గంటలోనే ఆ బిగుసుకుపోవడం పోయింది. కొండలు, లోయలు, పక్కనే నది. వెనక్కి తిరిగి చూసుకోవాల్సిన అవసరమే లేదు.

ఎక్కుడు ఉంది, లేదనను. కంబర్లాండ్ నుంచి 24 మైళ్ల పాటు ఎక్కుతూనే ఉండాలి. కాకపోతే రైలింజన్ల కోసం వేసిన కట్ట కాబట్టి వాలు రెండు శాతం కూడా ఉండదు. ఊపిరి అందకుండా చేసే ఎక్కుడు కాదు, ఎంతసేపటికీ తెమలని ఎక్కుడు. మేరీల్యాండ్, పెన్సిల్వేనియాల సరిహద్దు అయిన మేసన్ డిక్సన్ రేఖ దాటి, మూడు వేల అడుగులకి పైనే పొడవున్న బిగ్ సావేజ్ సొరంగంలోంచి బయటికొచ్చి, 2,392 అడుగుల ఎత్తున్న శిఖరం దగ్గర ఆగాను. అక్కడ పడిన వానలో ఒక వైపు నీళ్లు అట్లాంటిక్‌కి పోతాయి, రెండో వైపువి గల్ఫ్ ఆఫ్ మెక్సికోకి. అక్కణ్ణుంచి దారంతా దిగుడే. ఆ రాత్రికి కాన్‌ఫ్లూయెన్స్ అనే ఊళ్లో గది బుక్ చేసుకున్నాను. మొదటి రోజే 62 మైళ్లు పెట్టుకోవడం నా అత్యాశ, ఒప్పుకుంటాను.

దారిలో వచ్చే రాక్‌వుడ్ ఊరు దాటి, మార్కల్టన్ కూడా దాటాక జరిగింది. అక్టోబరు నెల, దారి కనిపించనంతగా ఆకులు రాలి ఉన్నాయి. వాటి కింద ఒక పుల్ల. చిటికెన వేలంత లావు కూడా లేదు. అది ఎగిరి వెనక చక్రం దగ్గర డీరైలర్‌లో ఇరుక్కుంది. నాకు తెలిసేలోపే పెడల్ ఇంకో అర చుట్టు తిరిగింది. టప్‌మని చప్పుడు. దిగి చూస్తే హ్యాంగర్ రెండు ముక్కలైంది, డీరైలర్ చైనుకి వేలాడుతోంది.

సైకిల్ తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. హ్యాంగర్ అంటే గేర్లు మార్చే డీరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క. దెబ్బ తగిలితే ఫ్రేము పాడవకుండా ముందు అదే విరగాలని అలా మెత్తగా చేస్తారు. అది న్యాయమే. కానీ ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారం ఎందుకు? వందల రకాలున్నాయి. ఏ షాపుకి వెళ్లినా మీ సైకిల్‌ది తప్ప అన్నీ ఉంటాయి. ఇప్పుడిప్పుడే కొన్ని సైకిళ్లకి అందరికీ సరిపోయే ఒకే రకం వస్తోంది. మిగతావాళ్లం ఏం కావాలి? దూరం వెళ్లేవాళ్లు ఎవరైనా దయచేసి మీ మోడల్ హ్యాంగర్ ఇంకొకటి కొని సంచిలో వేసుకోండి. అరచేతిలో సగం కూడా ఉండదు. నేను వేసుకోలేదు.

ఇక ఆ ఫోను సంగతి. దారిలో సైకిల్ చెడిపోతే సాయం పంపుతామని ఏటా డబ్బు కట్టించుకునే సర్వీసు ఒకటి ఉంది నాకు. సిగ్నల్ కోసం పావుగంట వెనక్కి నడిచి ఫోన్ చేశాను. "ఏ రోడ్డు మీద ఉన్నారు?" అన్నారు. రోడ్డు కాదండీ, ట్రెయిల్ అన్నాను. "దగ్గర్లో అడ్డరోడ్డు పేరు చెప్పండి" అన్నారు. మైలు రాయి నంబరు చెప్పాను, ఫోన్‌లో కనిపిస్తున్న అక్షాంశ రేఖాంశాలు చదివాను. వాళ్ల కంప్యూటర్ రోడ్డు పేరు లేకుండా ముందుకి కదలదట. చివరికి, బండి రాగలిగే చోటికి మీరే వచ్చి మళ్లీ ఫోన్ చేయండి అన్నారు. అంతలో సిగ్నల్ పోయింది. రోడ్డు లేని చోటికి జనం సైకిళ్ల మీద వేలల్లో వస్తున్నారు, ఆ దారి 2013లోనే మొత్తం పూర్తయింది. సర్వీసు పేరు చెప్పి డబ్బు తీసుకునేవాళ్ల ఫారంలో దానికి ఒక్క గడి లేదు. ఇప్పటికీ కోపం తగ్గలేదు నాకు.

తిరిగొచ్చి సైకిల్ పక్కన కూర్చున్నాను. చైనులోంచి డీరైలర్‌ని విడదీద్దామని చాలాసేపు గుంజాను. రెండు చేతులూ మణికట్ల దాకా నల్లటి గ్రీజు. ఎండ కొండ వెనక్కి పోయింది, చలి మొదలైంది.

అప్పుడు వచ్చారాయన. ఎదురుగా, రాక్‌వుడ్ వైపు ఇంటికి పోతున్నారు. డెబ్భై ఉంటాయేమో. పాత ఇనుప సైకిల్, ముందు ఒక గుడ్డ సంచి. ఏమైందని కూడా అడగలేదు. దిగి, సైకిల్ వైపు ఒకసారి చూసి, తర్వాత నా చేతుల వైపు చూసి, "ఎప్పుడు తిన్నావ్?" అన్నారు. పన్నెండింటికి అన్నాను. సంచిలో ఉంది కానీ ఈ చేతులతో ఎలా తినను అన్నాను. ఆ మాట అంటుంటేనే నా గొంతు వణికింది.

ఆయన సంచిలోంచి గిన్నెలు తోమే సబ్బు పోసుకున్న చిన్న సీసా తీశారు. నా అరచేతిలో రెండు చుక్కలు వేశారు. వంగి, దారి మీంచే చిటికెడు సున్నపురాయి పొడి తీసి దాని మీద చల్లారు. రుద్దమన్నారు. గరగరలాడే ఆ పొడికి గ్రీజు ఊడి రావడం మొదలైంది. "చేతులు చాపమ్మా" అని తన నీళ్ల సీసా వంచి ధారగా పోశారు. నల్లటి నీళ్లు వేళ్ల సందుల్లోంచి ఆకుల మీద పడుతున్నాయి. ఇంకా ఉందని మళ్లీ పోశారు. గోళ్ల దగ్గర చూపించి మళ్లీ పోశారు. పెద్దదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని. ఆ ధార కింద చేతులు పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన ఏమీ అనలేదు. నీళ్లు పోస్తూనే ఉన్నారు.

నేను తింటుంటే ఆయన తడి ఆకుల మీద మోకాళ్లు ఆనించి పని మొదలుపెట్టారు. డీరైలర్ తీసేసి, చైను కత్తిరించి, ఒకే గేరు సైకిల్‌గా మార్చేద్దామన్నారు. చైను విప్పడానికి వాడే ఆయన చైన్ టూల్‌కి పిడి ఊడిపోయింది, దాని బదులు ఒక మేకు దూర్చి తిప్పుతున్నారు. లింకులు లెక్కపెడుతూ పెదవులు కదుపుతున్నారు. మొదటిసారి వదులైంది, వెనక ఇంకో పళ్ల చక్రానికి మార్చారు. కలపడానికి తన దగ్గరున్న క్విక్ లింక్ వేశారు. పిట్స్‌బర్గ్ దాకా దిగుడే కదా, ఒక్క గేరు చాలు, తొందరపడకుండా తొక్కు అన్నారు.

అది చాలు నాకు. కానీ ఆయన తన సైకిల్ కూడా నా వైపే తిప్పారు. చైను ఎక్కడైనా జారితే చీకట్లో ఒక్కదానివి ఏం చేస్తావ్ అన్నారు. కాన్‌ఫ్లూయెన్స్ దాకా పది మైళ్లకి పైనే, నా వెనకే వచ్చారు. ఆయన లైటు వెలుగులో నా నీడ నా ముందు పోతూ ఉంది. పింకర్టన్ సొరంగంలో ఆగి, 2015లో ఇది మళ్లీ తెరిచేదాకా నది మెలిక వెంబడి చుట్టూ తిరిగి పోయేవాళ్లమని చెప్పారు. నిజంగానే రెండుసార్లు చైను జారింది. రెండుసార్లూ ఆయనే ఎక్కించారు, నా చేతులు మళ్లీ పాడవకూడదని. ఊరి దీపాలు కనిపించాక, చైన్ టూల్ మేకుతో సహా నా సంచిలో వేసి, వెళ్లు అని చెయ్యూపి వెనక్కి తిరిగారు. వెనక్కి అంటే ఎక్కుడు, చీకటి. పేరు అడగలేదు నేను. ఎందుకు అడగలేదో నాకే తెలియదు.

గదిలోకి వెళ్లి గ్లాసెడు నీళ్లు తాగుతుంటే అప్పుడు తట్టింది. ఆయన సీసా ఖాళీ. నా చేతులకే అన్నీ పోసేశారు. నా సంచిలో నిండు సీసా ఉంది. అది ఇవ్వాలని నాకు తోచలేదు.

మిగిలిన 88 మైళ్లూ ఆ ఒక్క గేరు మీదే వెళ్లాను. ఓహాయోపైల్ వంతెన కింద యాకగేనీ నది, పిట్స్‌బర్గ్‌లో రెండు నదులు కలిసి ఓహాయో అయ్యే చోటు, అన్నీ చూశాను. ఆయన వేసిన లింకు ఊడలేదు.

మా ఆయన పిట్స్‌బర్గ్ వచ్చి నన్నూ సైకిల్‌నీ కార్లో తీసుకొచ్చారు, పిల్లల్ని అత్తయ్య చూసుకున్నారు. ఇంట్లోవాళ్లకి వేరే థాంక్స్ చెప్పేదేముంది.

ఆగండి, మర్చిపోయాను, ఇంకొందరికి కూడా థాంక్స్ చెప్పాలి. కాన్‌ఫ్లూయెన్స్‌లో రాత్రి ఆలస్యంగా తలుపు తీసి, బురద బూట్లతోనే రమ్మన్న ఆ ఇంటావిడకి. సంచులు అరువిచ్చిన పక్కింటి అక్కకి. సొరంగం బయట జాకెట్టు వేసుకోమని గుర్తుచేసిన ఇద్దరు కుర్రాళ్లకి. ఓహాయోపైల్‌లో చైను చూసి నూనె వేసి డబ్బు తీసుకోని అమ్మాయికి, తన పేరు కూడా అడగలేదు. ఆ కట్ట మీద పొదలు కొట్టి, పొడి పరిచి, 1986లో మొదటి తొమ్మిది మైళ్లతో మొదలుపెట్టి ఇంత దూరం తెచ్చినవాళ్లకి, ఇప్పటికీ పడిన చెట్లు తీస్తున్న వాలంటీర్లకి.

రాక్‌వుడ్ వైపు ఎవరైనా ఇది చదివితే, పాత ఇనుప సైకిల్, ముందు గుడ్డ సంచి, ఆయన తెలిస్తే చెప్పండి. చైన్ టూల్ నా దగ్గరే భద్రంగా ఉంది, కొత్త పిడి వేయించి పంపిస్తాను, మేకు కూడా. పెద్దాయనా, ఆ రాత్రి క్షేమంగా చేరారా? దార్లో ఎక్కడైనా నీళ్లు దొరికాయా మీకు?