ఆటోలో గ్యాస్ స్టవ్వు

విశాఖపట్నం,
మార్గశిర లక్ష్మివారం

చిరంజీవి అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ మిన్నూ క్షేమమని తలుస్తాను. మీ అమ్మ ఇవాళ మూడింటికే లేచి బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికెళ్ళి, అంతసేపు లైన్లో నిలబడి, ఇప్పుడు మోకాళ్ళకి బామ్ రాసుకుంటూ కూర్చుంది. ఎవరికోసం మొక్కావే అంటే ఊరికే అంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఊరికే లైన్లో నిలబడటం నేనెరగను.

పెరట్లో ఉసిరి విరగకాసింది. పచ్చడి పెట్టింది. నూనె కారుతుందని కొరియర్ వాళ్ళు తీసుకోం అన్నారు. కోర్టు కట్టకి వేసినట్టు డబ్బా మూతకి లక్కసీలు వేసి మళ్ళీ పట్టుకెళ్తాను, చూద్దాం.

పెద్దత్తయ్య వాళ్ళ చినబాబు మొన్న బెంగళూరు నుంచి వచ్చాడు. నువ్వు గ్యాస్ స్టవ్వు ఒళ్ళో పెట్టుకుని, పక్కన మిన్నూని కూర్చోబెట్టుకుని ఆటోలో వెళ్తుంటే సిగ్నల్ దగ్గర చూశాట్ట. పిలిచినా నీకు వినపళ్ళేదట. రిపేరుకి పట్టుకెళ్తోందేమోలే అన్నాను. రిపేరుకైతే తలగడలెందుకు మావయ్యా, వెనకాల తలగడలు కూడా ఉన్నాయి అన్నాడు. వాడికి ఎక్కడ ఆపాలో చిన్నప్పట్నుంచీ తెలీదు. మూడు ఆదివారాలయింది నువ్వు ఫోను చేసి. మేం చేస్తే మీటింగంటావు. ఆదివారం మీటింగులేటి? సరే, అదలా ఉంచు.

ఏమీ తోచక ఏదో రాస్తున్నాననుకో. ముప్పై ఒక్కేళ్ళు ప్లీడరు గుమాస్తాగా చేసినవాడికి కోర్టు కబుర్లు తప్ప ఏముంటాయి? నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పటి సంగతి ఒకటి, నీకు చెప్పానో లేదో.

అనకాపల్లి వైపు ఒక ఉద్యోగస్తుడు. భార్యతో పడలేదు. పెద్దమనుషులు కూర్చుని, పది రూపాయల స్టాంపు కాగితం మీద ‘ఇకపై ఒకరికొకరికి ఏ సంబంధమూ లేదు’ అని రాయించి సంతకాలు పెట్టించారు. కింద నలుగురు సాక్షులు. ఆవిడ చేతిలో పద్దెనిమిది వేలూ ఒక ఇత్తడి గంగాళమూ పెట్టి పుట్టింటికి పంపేశారు. అతను మరుసటేడు ఇంకో పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు. పదకొండేళ్ళకి గుండెపోటుతో పోయాడు. ఇక పెన్షను పేచీ. ఒకే సోమవారం, ఒకరికి తెలీకుండా ఒకరు, ఇద్దరూ మా ఆఫీసుకే వచ్చారు. మాకున్నది ఒకటే బల్ల, దానిమీదే ఇద్దర్నీ కూర్చోమన్నాను. చిన్నపిల్లాడు దాహమంటే మొదటావిడ తన సీసా తీసి నీళ్ళు పట్టింది. వాడెవరో ఆవిడకి తెలీదు. ఆవిడ పసుపు సంచిలోంచి ఆ స్టాంపు కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగితే వెనకాల అన్నం మెతుకులతో అతికించుకుంది. మా ప్లీడరు గారు చదివి కళ్ళజోడు తీసేశారు. “ఇది విడాకులు కాదమ్మా. మీ కులంలో అలాంటి ఆచారం ఉందని రుజువు చేసుకుంటే తప్ప, కోర్టు డిక్రీ లేకుండా హిందూ వివాహం తెగదు. చట్టం లెక్కలో నువ్వింకా అతని భార్యవే” అన్నారు. రెండో ఆవిడ గుమ్మంలోంచే వినేసింది. “పిల్లలకి తండ్రి ఆస్తిలో వాటా ఉంటుందమ్మా” అన్నారాయన, ఆవిడ అడక్కుండానే. “మరి నేనెవర్ని బాబూ?” అందావిడ. ఆయన నన్ను టీ తెమ్మన్నారు. ఇద్దరి వకాల్తా ఒక్క ప్లీడరు తీసుకోకూడదు కదా, టీ తాగాక రెండో ఆవిడని పక్క వీధి ప్లీడరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను.

ఇదంతా ఎందుకొచ్చిందంటే, నోటరీ కాగితం కానీ, తెల్ల కాగితం కానీ, ఎవరేం తెచ్చినా నాకు చూపించకుండా సంతకం పెట్టకు. ఎవరేం తెస్తారూ అంటావేమో. ఎవరూ తేకపోతే మంచిదే.

ఇద్దరూ ఒప్పుకుని విడిపోతే దాన్ని హిందూ వివాహ చట్టంలో 13-బి అంటాం. అప్పటికి ఏడాదిగా విడిగా ఉండాలి. ఒకే ఇంట్లో ఉన్నా భార్యాభర్తల్లా కాపురం లేకపోతే అది విడిగా ఉన్నట్టే. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి మళ్ళీ ఇద్దరూ కోర్టుకెళ్ళి చెప్పాలి. ఆ ఆరు నెలలు తగిన కేసుల్లో మాఫీ చెయ్యొచ్చని 2017లో సుప్రీంకోర్టు అంది. డిక్రీ అయ్యేలోగా ఎవరైనా మనసు మార్చుకుంటే అది ఆగిపోతుంది. అలా ఆఖరి వాయిదాకి రాకుండా పోయినవాళ్ళని చాలామందిని చూశాను. అందుకే బంగారం, డబ్బు, పిల్ల సంగతి ముందే పిటిషన్లో రాయించాలి, నోటిమాట కాదు.

బంగారమంటే గుర్తొచ్చింది. కాసులపేరు, నానమ్మ వంకీ, నల్లపూసలు ఎక్కడున్నాయి? పెళ్ళికి నీకు పెట్టినవి నీ స్త్రీధనం, అది ఉమ్మడి సొత్తు కాదని 1985లోనే సుప్రీంకోర్టు తేల్చింది. లాకరు ఇద్దరి పేరా ఉందా? రసీదులు నా దగ్గరే ఉన్నాయి, నీలం ఫైల్లో. ఫ్లాటు లోను ఇద్దరి పేరా తీసుకున్నారు కదా. మీరు ఏమనుకున్నా బ్యాంకు ఇద్దర్నీ అడుగుతుంది, డిక్రీ చూసి ఊరుకోదు. ఎల్ఐసీ, పీఎఫ్ నామినీలు కూడా చూసుకో. జీతం ఉంది కాబట్టి భరణం రాదని ఎవరైనా అంటే నమ్మకు, అలాగని నీ జీతం దాచకు. 2020 తర్వాత భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులూ అప్పులూ అఫిడవిట్లో చెప్పి తీరాలి. ఉపన్యాసం ఇవ్వకూడదనుకున్నాను. ఇచ్చేశాను.

మిన్నూకి ఐదు ఎప్పుడు నిండుతాయి, శ్రావణంలోనా? ఐదేళ్ళలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే అని చట్టం. నిండాక తండ్రికిచ్చేస్తారని కాదు, పిల్ల మేలే చూస్తారు. దాని ముందు వాళ్ళ నాన్నని మాత్రం ఒక్క మాట అనకు. కోర్టు వరండాలో ఒకపిల్ల ‘అమ్మ ఇలా చెప్పమంది’ అని జడ్జి గారితో చెప్పేసి, బయటికొచ్చి నేనిచ్చిన బిస్కెట్టు తినకుండా చేతిలో నలిపేసింది. అది నాకు గుర్తొస్తుంటుంది.

ఒక్కటి మాత్రం డొంకతిరుగుడు లేకుండా అడుగుతున్నాను. అల్లుడు గారు నీమీద ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నారా? చేసుకుంటే అతనికి గారు ఎందుకు? 2005 గృహహింస చట్టం కింద నువ్వు ఆ ఇంట్లోనే ఉండొచ్చు, నిన్ను ఊరికే వెళ్ళగొట్టడానికి లేదు. లేకపోతే మాత్రం లేనిది రాయించకు, ఏ ప్లీడరు చెప్పినా సరే. ఇక్కడికొచ్చి ఉంటే ఇక్కడి కోర్టులోనే వేసుకోవచ్చు, భార్య ఉంటున్న చోట వెయ్యొచ్చని 2003 నుంచీ ఉంది. ముందు గది నీదే. అందులో నా పాత డైరీలున్నాయి, తీసేస్తాను.

ఈ ఉత్తరం మొదట్లో సౌభాగ్యవతి అని రాయలేదేమని మీ అమ్మ అడిగింది. చోటు చాల్లేదన్నాను.

అటక మీద మన పాత రెండు బర్నర్ల స్టవ్వు దింపి తోమాను. ఎడమది కొంచెం పసుపు మంట వస్తోంటే పిన్ను పెట్టి తీశాను, ఇప్పుడు నీలంగానే ఉంది. నీ దగ్గరున్నది రిపేరుకే వెళ్ళుంటే ఇది అక్కర్లేదు. లేకపోతే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే శుక్రవారానికి టిక్కెట్టు తీశాను, ఆర్ఏసీ వచ్చింది. పచ్చడి డబ్బా కూడా నాతోనే తెస్తాను, కొరియర్ వాళ్ళతో నాకెందుకు. ఏ ఇంటికి రావాలో మాత్రం అడ్రసు పంపు.

మీ నాన్న