దేశం మారేది డబ్బు కోసమేనా? ఆక్లాండ్ నుంచి ఒక జవాబు

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మన పేపర్ లేఖల పేజీలో ఒక పాఠకుడు రాశారు, ఈ రోజుల్లో ప్లేయర్లు దేశం మారేది డబ్బు కోసమేనని. కొందరి విషయంలో నిజమే అయ్యుండొచ్చు, కానీ అందర్నీ ఒకే గాటన కట్టేశారు, అది నాకు అస్సలు నచ్చలేదు, ఎందుకంటే నేను ఉండేది ఆక్లాండ్ లో, దానికి పూర్తిగా రివర్స్ కథ ఇక్కడ నా కళ్లముందే జరిగింది. రగ్బీ లీగ్ ప్లేయర్ జేసన్ టౌమలోలో కథ అది.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్తా. ఇది రగ్బీ లీగ్, ఒక్కో జట్టులో 13 మంది, 80 నిమిషాలు. బాల్ మన చేతిలో ఉండగా అవతలివాళ్లు ఆరుసార్లు పట్టి పడేస్తే బాల్ వాళ్లదైపోతుంది. అంచున పరిగెత్తి ట్రై కొట్టినవాడి (అంటే బాల్ ని అవతలివాళ్ల చివరి గీత దాటించి నేలకి ఆనించినవాడి) ఫొటో పేపర్లో వస్తుంది, కానీ వాడు పరిగెత్తడానికి చోటు ఎక్కణ్ణుంచి వచ్చింది అంటే అంతకుముందు మూడు నాలుగుసార్లు ఫార్వర్డ్ నేరుగా అవతలి గోడలోకి దూసుకెళ్లి ముగ్గుర్ని తనమీదికి లాక్కున్నాడు కాబట్టి. కబడ్డీలో రైడర్ ఒకణ్ణి ముట్టుకుని గీత దాటి వచ్చేస్తాడు కదా, ఫార్వర్డ్ కి ఆ తప్పించుకోవడం అనేదే లేదు, పడతానని తెలిసే వెళ్తాడు, పడతాడు, లేస్తాడు, బాల్ ని కాలితో వెనక్కి నెడతాడు, కాసేపటికి మళ్లీ అదే పని.

ఆ పనిలో టౌమలోలో అంత మొనగాణ్ణి నేను చూళ్లేదు. నడుం పట్టుకుని ఇద్దరు వేలాడుతున్నా కాళ్లు మాత్రం ఆగవు, చిన్న చిన్న అడుగులు టకటకా పడుతూనే ఉంటాయి, మూడోవాడొచ్చి కాళ్లు పట్టుకునేదాకా ఇంకో నాలుగు మీటర్లు లాగేస్తాడు. ఈ నాలుగేసి మీటర్లు కలిపితేనే చాలా మ్యాచుల్లో 200 మీటర్లు దాటేవాడు.

పుట్టింది 1993 లో ఆక్లాండ్ లోనే, పసిఫిక్ లోని చిన్న ద్వీపదేశం టోంగా నుంచి వచ్చిన కుటుంబం. చిన్నప్పుడే ఆస్ట్రేలియాలో టౌన్స్‌విల్ వెళ్లిపోయాడు, 2010 లో 17 ఏళ్లకే అక్కడి క్లబ్ నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్ కి ఆడేశాడు. 2014 లో న్యూజిలాండ్ జట్టులోకి వచ్చాడు. 2015 లో ఆస్ట్రేలియా క్లబ్ లీగ్ ఫైనల్ లో బ్రిస్బేన్ బ్రాంకోస్ మీద 17-16 తో కౌబాయ్స్ కి మొట్టమొదటి టైటిల్, ఎక్స్‌ట్రా టైమ్ లో జొనాథన్ థర్స్టన్ కిక్ తో వచ్చింది, అందరికీ థర్స్టనే గుర్తుంటాడు, అది న్యాయమే కూడా, కానీ ఆ జట్టు మధ్యలో గోడలు పగలగొట్టినవాళ్లలో ఈ కుర్రాడూ ఉన్నాడు. మరుసటేడు కూపర్ క్రాంక్ తో సమానంగా డాలీ ఎం మెడల్, అంటే ఆ సీజన్ కి బెస్ట్ ప్లేయర్ అన్నమాట. 2017 లో క్లబ్ పదేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చింది, దాదాపు కోటి ఆస్ట్రేలియన్ డాలర్లని అప్పుడు పేపర్లన్నీ రాశాయి.

ఇక అసలు విషయం. అదే ఏడాది వరల్డ్ కప్ కి కొన్ని వారాల ముందు, న్యూజిలాండ్ జట్టులో సీటు గ్యారంటీగా ఉన్న మనిషి, నేను టోంగాకి ఆడతానని చెప్పేశాడు. టోంగా జనాభా మొత్తం లక్ష చిల్లర. అక్కడ మ్యాచ్ కి ఇచ్చే డబ్బు పెద్ద దేశాలు ఇచ్చేదాంతో పోలిస్తే ఏ మూలకీ రాదు. డబ్బే కావాలంటే కదలకుండా కూర్చుంటే సరిపోయేది కదండీ. ఆస్ట్రేలియా వైపు నుంచి ఆండ్రూ ఫిఫిటా కూడా అలాగే వచ్చేశాడు. ఇక్కడ న్యూజిలాండ్ లో అప్పుడు వినాల్సిన మాటలన్నీ విన్నాం, వెన్నుపోటు అన్నారు, ఇంకా ఏవేవో అన్నారు. మా వేర్‌హౌస్ లో నాతో పనిచేసే టోంగా పెద్దాయన మాత్రం ఒక్కమాటే అన్నాడు, మా పిల్లాడు ఇంటికొస్తున్నాడు అని. ఆ జట్టుని మాటే మఆ టోంగా అంటారు, టోంగా కోసం ప్రాణమిస్తాం అని దానర్థం, అది కూడా ఆయనే చెప్పాడు నాకు.

నవంబర్ 11, హామిల్టన్. మ్యాచ్ కి ముందు న్యూజిలాండ్ తమ సవాలు నృత్యం హాకా చేస్తుంటే ఎదురుగా టోంగావాళ్లు తమ సిపి టౌ మొదలుపెట్టారు, ఒకరి గొంతు ఒకరికి వినబడనంత అరుపులు. హాఫ్ టైమ్ కి 16-2, టోంగా వెనకబడింది, అయిపోయిందిలే అనుకున్నా. చివరికి 28-22, టోంగా గెలిచింది. టోంగా ప్లేయర్ ఫుసితువా మూడు ట్రైలు కొట్టాడు, అలా కొట్టడానికి చోటు ఎక్కణ్ణుంచి వస్తుందో పైన చెప్పాను కదా.

రెండు వారాలకి ఇంగ్లాండ్ తో సెమీఫైనల్, ఆక్లాండ్ మౌంట్ స్మార్ట్ స్టేడియంలో. ఆక్లాండ్ లో మేముండే ఓటహుహు వీధులు అప్పటికే టోంగా జెండా రంగుతో ఎర్రగా అయిపోయాయి, గేట్లకి జెండాలు, కార్లకి జెండాలు, ఒకావిడ జెండా సరిపోక ఎర్ర దుప్పటి కిటికీకి కట్టేసింది. ఇంకో పది నిమిషాలు కూడా లేవనగా ఇంగ్లాండ్ 20-0 తో ముందుంది. అక్కణ్ణుంచి టోంగా వరసగా మూడు ట్రైలు, 20-18. ఆఖరి క్షణంలో ఫిఫిటా లైన్ దగ్గర బాల్ జారవిడిచాడు, కాదు ఎవరో లాగేశారని టోంగావాళ్లంటారు, రెఫరీ వీడియో అడగలేదు, మ్యాచ్ అయిపోయింది, ఇంగ్లాండ్ గెలిచింది. మా వేర్‌హౌస్ పెద్దాయన టీవీ ఆపకుండా అలాగే నిలబడి ఏడుస్తూ పాట పాడటం మొదలుపెట్టాడు, స్టేడియంలో వాళ్లు కూడా పాడుతున్నారు. 2019 లో ఇదే ఊళ్లో టోంగా ఆస్ట్రేలియాని 16-12 తో ఓడించినరోజు కూడా ఆయన ఇంత ఏడవలేదు.

ఇంకోమాట, టౌమలోలో ఒక్కసారి ఆడి ఊరుకోలేదు, తర్వాత మోకాలు ఇబ్బందిపెట్టి క్లబ్ లో గ్రౌండ్ మీదుండే టైమ్ తగ్గినా టోంగా జెర్సీ మాత్రం వదల్లేదు, 2024 లో పసిఫిక్ చాంపియన్‌షిప్స్ ఫైనల్ దాకా వెళ్లారు వాళ్లు.

ఆ లేఖ రాసినాయన మీద నాకు కోపం లేదు. వీలుంటే ఆ సెమీఫైనల్ చివరి పది నిమిషాలు ఒక్కసారి చూడమనండి. ఎడిటర్ గారూ, వీలైతే మీ స్పోర్ట్స్ పేజీలో ఒక ఆదివారం ఈ ఫార్వర్డ్ ల గురించి కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఆక్లాండ్