బావకి ఉత్తరం: నూకలు, తలంబ్రాలు

రాజమహేంద్రవరం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

ముందు తిట్టెయ్. తిట్టడం అయ్యాక చదువు. నీ ఉత్తరాలు రెండూ నా బల్ల మీదే ఉన్నాయి, రోజూ కనిపిస్తున్నాయి, రోజూ గుండెలో కలుక్కుమంటోంది. కుడి మణికట్టు విరిగిందని ఫోన్లో ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాను. తర్వాత ఎడమ బొటనవేలితో వాట్సాప్‌లో నాలుగు ముక్కలు. అంతే కదా నీకు తెలిసింది? ఈ ఉత్తరం కుడి చేత్తోనే రాస్తున్నాను. శివరాత్రి తర్వాత పెన్ను పట్టుకుని ఇంత రాయడం ఇదే మొదలు. అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు, పేజీకోసారి ఆగి చెయ్యి విదిలించుకుంటున్నాను.

ఫోన్లోనే చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో గొడుగు సంగతి ఎత్తుతావు, నేను నవ్వుతాను, అసలు మాట గాల్లో కలిసిపోతుంది. ఇది అలా పోకూడదు.

ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తా. పెద్దది ఇంటర్ పాసైంది, మార్కులు బాగానే వచ్చాయి, ఏ కాలేజీ అన్నదే ఇప్పుడు ఇంట్లో టెన్షన్. అక్కా పిల్లలూ మే నెలంతా ఇక్కడే ఉన్నారు, అక్క చిన్నకొడుకు ఒడుగు కూడా ఇక్కడే చేశాం, ఆ హడావిడి ఇంకోసారి రాస్తా. మీ చెల్లెలు ఆవకాయ పెట్టింది. ఏటా కాయలు కొట్టేది నేనే కదా, ఈసారి మావాడు కొట్టాడు. మొదటి పది కాయలూ ముక్క ఒక పక్కకీ జీడి ఒక పక్కకీ ఎగిరాయి, తర్వాత కుదిరింది. నీ జాడీ కట్టి ఉంచాం.

సరే, అసలు సంగతి.

నాన్న పోయిన దగ్గర్నుంచీ అమ్మ ఎలా ఉందో నీకు తెలుసు. మొన్న సంక్రాంతికి నువ్వొచ్చినప్పుడు, "ఎవర్రా వచ్చింది" అని కూడా అడగలేదు. నిన్ను! తన చేతి పెసరట్లు పద్నాలుగు తిన్నవాణ్ణి! నువ్వు బయటికొచ్చి వీధరుగు మీద కూర్చుని ఏడ్చావు. చూడనట్టు ఊరుకున్నాను కానీ చూశాను బావా.

ఆ అమ్మ శివరాత్రి ముందురోజు సాయంత్రం ఒక మాట అడిగింది. "రేపు గోదావరికెళ్తే చెంబుడు నీళ్లు తెచ్చిపెట్టరా, నేను రాలేను" అని. రెండేళ్లలో నోరు తెరిచి ఏదైనా కావాలని అడగడం అదే. ఇంట్లో రాగిచెంబు ఎక్కడుందో వెతికి, చింతపండు పెట్టి తోమించి, తెల్లవారుజామున నాలుగింటికే కోటిలింగాల ఘాట్‌కి వెళ్లాను. జనం కిటకిట. స్నానం అయింది, చెంబు నింపుకున్నాను, మూడో మెట్టు మీద కాలు జారింది. చెంబు వదల్లేదు. అదే పొరపాటు అనుకుంటా, ఎడమ చేతిలో చెంబు ఉండిపోయింది, పడుతున్నప్పుడు బరువంతా కుడి చేతి మీద పడింది. చప్పుడు నాకే వినిపించింది. ఎవరో కుర్రాడు నన్ను లేపి, పైకి నడిపించుకెళ్లి కూర్చోబెట్టి, ఒలికిపోయిన చెంబుని మళ్లీ నింపి తెచ్చి నా పక్కన పెట్టి వెళ్లిపోయాడు. పేరు అడగలేదు. ముఖం కూడా సరిగ్గా గుర్తులేదు, తడి బొట్టు ఒక్కటే గుర్తుంది.

ఎక్స్‌రే తీశారు, ఎముక సరిచేసి సిమెంటు కట్టు వేశారు. ఆరు వారాలు అన్నారు. వేళ్లు మాత్రం కదుపుతూనే ఉండాలి, లేకపోతే బిగుసుకుపోతాయని మరీ మరీ చెప్పి పంపించారు.

ఇంటికొచ్చాక అమ్మ నా చెయ్యి చూసింది, చెంబు చూసింది. లోపలికి వెళ్లిపోయింది. "నా చెంబుడు నీళ్ల కోసం" అని ఒక్క మాట మీ చెల్లెలితో అందట. ఆ తర్వాత వారం రోజులు సరిగ్గా తినలేదు. నా గదిలోకి రాదు, వచ్చినా కట్టు వంక చూడదు. చెయ్యి నొప్పి ఓర్చుకున్నాను కానీ, ఇది మాత్రం... నాన్న ఉంటే ఏదో ఒకటి అనేవాడు. నాకు ఏమనాలో తోచలేదు.

అప్పుడు పక్కింటి పిన్నిగారు ఒక పొట్లం పట్టుకొచ్చారు. వడ్లు. కోరుకొండ వాళ్లు ఏటా పంచుతారు చూడు, కోటి తలంబ్రాలని. పొలంలో నారు దగ్గర్నుంచీ రాముడి పేరు చెప్పుకునే పండిస్తారు, కోతలకి ఆంజనేయుడి వేషాలు వేసుకుని దిగుతారు. రోకలి తగలకూడదు, మిల్లు తగలకూడదు. ఒక్కో గింజా గోటితో ఒలవాలి. అలా ఒలిచినవి భద్రాద్రికీ, మీ ఒంటిమిట్టకీ కల్యాణానికి వెళ్తాయి. పిన్నిగారు పొట్లం అమ్మ ఒళ్లో పెట్టి, "మీరు తీరిగ్గానే ఉన్నారుగా వదినా" అని వెళ్లిపోయారు. అమ్మ ఆ పొట్లం విప్పకుండా రెండు రోజులు పక్కన పెట్టుకుంది.

మూడోరోజు పొద్దున్న పీట వేసుకుని వసారాలో కూర్చుంది. నేను కుర్చీలో. తనే పిలిచింది. "ఇలా రా. వేళ్లు ఆడించమన్నారుగా."

బావా, ఎప్పుడైనా వడ్లగింజ గోటితో ఒలిచావా? చూడ్డానికి ఏముందిలే అనిపిస్తుంది. గింజకి రెండు పొట్టుచిప్పలు ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటాయి. ఆ అతుకు దొరకాలి. గింజని ఎడమ చేతి రెండు వేళ్ల మధ్య నిలబెట్టి, ముక్కు దగ్గర అతుకులోకి గోరు దూర్చి, మెల్లిగా మెలిపెట్టాలి. పొట్టు విడిపోయి లోపల్నుంచి గోధుమరంగు బియ్యపుగింజ జారుతుంది. జారితే సంతోషం. కాస్త గట్టిగా నొక్కితే విరుగుతుంది, విరిగింది తలంబ్రాలకి పనికిరాదు. నొక్కకపోతే అతుకు వీడదు. నాకేమో కట్టులోంచి వేళ్లే బయటికి ఉన్నాయి, బొటనవేలు నొక్కితే మణికట్టు దాకా జివ్వుమంటుంది. మొదటిరోజు గంట కూర్చుంటే ఒక్కటి కూడా సాంతం రాలేదు. అన్నీ నూకలే.

అమ్మ ఏం చేసిందో తెలుసా? నా వెనక్కొచ్చి కూర్చుని, పలక మీద అ ఆలు దిద్దించినప్పటిలా నా బొటనవేలు పట్టుకుంది. తన గోరు కాదు, నా గోరే పెట్టించింది. "రామ అను, అప్పుడు నొక్కు. రామ అనకుండా నొక్కకు." అంతే. గింజకి ఒక రామ. నేను తొందరపడితే వేలు ఆపేది. నాకు యాభై దాటాయి, ఆవిడకి డెబ్బై ఆరు. వసారాలో ఇద్దరం అలా కూర్చుంటే స్కూలుకి వెళ్లే పిల్లలు ఆగి చూసేవాళ్లు. నాలుగోరోజుకి వాళ్లూ చేరారు. ఎదురింటి చిన్నది, ఏడేళ్లుంటాయేమో, నా కన్నా వేగంగా ఒలిచేది. "మామయ్యగారూ, ముందు ఎండలో పెట్టండి, అప్పుడు తేలిగ్గా వస్తాయి" అని అదే చెప్పింది. నిజం, ఎండ తగిలాక అతుకు వదులవుతుంది.

మొదటి సాంతం గింజ అయిదోరోజు వచ్చింది. అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశాను. అమ్మ దాన్ని తీసుకుని, వెలుతురుకి పెట్టి, అటూ ఇటూ తిప్పి, ఇత్తడి గిన్నెలో వేసింది. ఆ సాయంత్రం గింజలు ఒలుస్తూ సన్నగా ఏదో పాడింది. పాత మంగళహారతి. మాటలు సగం మర్చిపోయింది, రాగం ఉంది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మీ చెల్లెలు గుమ్మంలో నిలబడిపోయింది. ఎవరం ఏం మాట్లాడలేదు. మాట్లాడితే ఆపేస్తుందని భయం.

నావి నూట పదహారు పూర్తయ్యేసరికి పదమూడు రోజులు పట్టింది. అమ్మవి లెక్కలేదు, సోలెడు పైన ఉంటాయి. ఉగాది మర్నాడు పిన్నిగారు వచ్చి పట్టుకెళ్లారు. వాటిని సాగనంపడానికి అమ్మ వీధి చివరిదాకా నడిచింది. బావా, వీధి చివరిదాకా!

ఇప్పుడు అసలైంది చెప్తాను. ఇంతసేపూ దీనికోసమే.

నవమి రోజు టీవీ ముందు చేరాం. భద్రాద్రికి తీసుకెళ్తానంటే, ఆ ఎండలో విరిగిన చేత్తో వద్దంది. మిథిలా స్టేడియంలో జనం ఇసక వేస్తే రాలనట్టు ఉన్నారు. పన్నెండింటికి అభిజిత్ లగ్నం, జీలకర్ర బెల్లం, మూడు మంగళసూత్రాలు. మూడోది రామదాసు గారిదని మా పిల్లలకి అమ్మే చెప్పింది. తర్వాత తలంబ్రాలు. గులాల్ కలిసి ఎర్రగా ఉంటాయి కదా అక్కడివి, దోసిళ్లతో పోస్తుంటే అమ్మ లేచి టీవీ దగ్గరికి వెళ్లింది. అద్దానికి ముఖం ఆనించినంత దగ్గరగా. "మనవి ఏవో తెలియడం లేదురా" అంది. చిన్నపిల్లలా అంది.

పానకం, వడపప్పు అయ్యాక విస్తట్లో పరమాన్నం వడ్డించింది. రంగు తేడాగా ఉంది, బెల్లం వేసినా గింజలు ముదురు రంగులో కనిపిస్తున్నాయి. తింటుంటే పంటికి కాస్త గట్టిగా తగిలాయి. ఇదేం బియ్యం అన్నాను.

"నువ్వు విరగ్గొట్టినవే. పారెయ్యలేదు."

ఆ నూకలు పిచ్చుకలకి వెయ్యమని నేనే విడిగా స్టీలు గిన్నెలో తీసిపెట్టాను. అమ్మ వాటిని డబ్బాలో దాచింది. పదమూడు రోజులవీ. మామూలు బియ్యంలో కలిపి వండి, ముందు దేవుడికి పెట్టి, తర్వాత నాకు పెట్టింది.

"ఆ మెట్ల మీద తల తగలాల్సింది, చెయ్యి తగిలింది" అంది. "నీకింకా నూకలున్నాయిరా నాన్నా."

అని నా కట్టు మీద చెయ్యి వేసింది. శివరాత్రి తర్వాత దాన్ని ముట్టుకోవడం అదే. నాకు ముద్ద దిగలేదు బావా. పిల్లలు చూస్తున్నారని తల వంచుకుని తిన్నాను, మొత్తం తిన్నాను, మళ్లీ వేయించుకున్నాను.

రెండు రోజులకి కట్టు విప్పారు. చెయ్యి సన్నబడింది, చర్మం పొట్టు పొట్టుగా లేచింది, కానీ వేళ్లు బిగియలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి ఏం వ్యాయామం చేశారండీ అని అడిగింది. చెప్తే నమ్మలేదు, అమ్మని తీసుకెళ్లి చూపించాను. ఇప్పటికీ తడిబట్ట పిండలేను, తాళం తిప్పితే లాగుతుంది. రోజూ బంతి నొక్కుతున్నాను.

ఏప్రిల్ నెలాఖరు నుంచి మన వీధి మొదట్లో చలివేంద్రం పెట్టాం. నేను ఎడమ చేత్తో గరిటె పట్టాను, మజ్జిగలోకి అల్లం, కరివేపాకు అమ్మ పర్యవేక్షణ. ఉప్పు ఎక్కువైందని నన్ను నలుగురి ముందూ కేకలేసింది. కేకలేసింది బావా! ఆ కుర్రాడేమైనా దాహానికి ఆగుతాడేమో అని వచ్చిన ప్రతివాడి ముఖం చూశాను. ఆగినా గుర్తుపట్టగలనో లేదో.

ఇంతకీ నువ్వు ఒంటిమిట్ట కల్యాణానికి వెళ్లావా? వెన్నెల్లో చేస్తారు కదా, నాకు ఎప్పటినుంచో చూడాలని. వచ్చే ఏడు అమ్మని తీసుకుని మీ ఇంటికే వస్తాం, మీ ఆవిడకి ఇప్పుడే చెప్పి ఉంచు. నీకు తలంబ్రాలు అందాయో లేదోనని పిన్నిగారు తెచ్చిన భద్రాద్రి పొట్లంలోంచి కొన్ని కాగితంలో చుట్టి పంపుతున్నా. అన్నట్టు నీ మోకాలు సంగతి రాయలేదు, ఆ సూదులు వేయించుకున్నావా లేక మళ్లీ

ఆటో వచ్చేసింది. మా తోడల్లుడు తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో కడప వస్తున్నాడు, ఇదీ ఆవకాయ జాడీ అతని చేతికే ఇస్తున్నా. అమ్మ వెనకనుంచి అడుగుతోంది, వాడెప్పుడొస్తాడు, పెసరపప్పు నానబెట్టనా అని. ఏం చెప్పమంటావో వెంటనే రాయి.

నీ
బావ