పెద్దమ్మాయికి, బండికి అడ్వాన్సు ఇచ్చే ముందు

పర్లాకిమిడి

చిరంజీవి సౌభాగ్యవతి పెద్దమ్మాయికి అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది.

విశాఖపట్నంలో ఏడు సీట్ల ఎర్టిగా ఒకటి చూశారని, జయపురంలో అదే సంవత్సరపు బండికి చెబుతున్న ధర కంటే అది అరవై వేలు తక్కువకు వస్తోందని, వచ్చే ఆదివారమే వెళ్లి అడ్వాన్సు ఇచ్చేద్దామనుకుంటున్నారని అల్లుడుగారు నిన్న ఫోనులో చెప్పారు. మీ అత్తగారినీ మావయ్యగారినీ విశాఖ ఆసుపత్రికి తీసుకువెళ్లాలన్నా, పండక్కి పిల్లలతో ఇక్కడికి రావాలన్నా మీ ఆల్టో చాలడం లేదని నాకు తెలుసు. కొత్తది కాకుండా వాడిన బండి తీసుకోవాలనుకోవడం మీ సంపాదనకు తగిన నిర్ణయమే. అయితే ఆ అరవై వేలు ఇంకా మీ చేతికి వచ్చిన లాభం కాదు. ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిముల విభాగంలో పనిచేసి రిటైరైనదాన్ని కనుక, బండిని చూడకముందే దాని కాగితాలు చదవడం నాకు అలవాటు. ఫోనులో చెబితే కొంత జారిపోతుందని ఇలా రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

ముందుగా సరిహద్దు సంగతి. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచుకుంటే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను చెబుతోంది. మీ కాపురం ఒడిశాలోని జయపురంలో కనుక ఎప్పటికైనా కొరాపుట్ ఆర్టీవో ఆఫీసులో ఓడీ 10 నంబరు వేయించుకోవలసిందే. దానికి ఆంధ్రా ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం కావాలి. ఫారం 28 మీద ఆ దరఖాస్తు పెట్టవలసినది బండి ఎవరి పేర ఉందో వారే తప్ప మీరు కాదు. డబ్బంతా ముట్టిన తర్వాత అమ్మినవారికి ఆ ఆఫీసు మెట్లెక్కే తీరిక దొరకదు. ఎన్‌వోసీ చేతికి వచ్చాక ఒడిశా ప్రభుత్వానికి మళ్లీ పన్ను కట్టాలి. మొదటి యజమాని ఆంధ్రాలో కట్టిన లైఫ్ ట్యాక్సు ఇక్కడ చెల్లదు. మిగిలిన కాలానికి వాపసు కోరుతూ దరఖాస్తు పెట్టుకోవచ్చు గాని, ఆ సొమ్ము బ్యాంకులో పడేదాకా దానిని లెక్కలో వేసుకోవద్దు.

కాబట్టి బండి మోడలు, తయారైన సంవత్సరం, మొదటి ఇన్‌వాయిస్ ధర రాసుకుని, ఆదివారానికి ముందే కొరాపుట్ ఆఫీసుకు వెళ్లి పన్ను ఎంతవుతుందో అడగండి. దానికి పేరు మార్పిడి రుసుము, కొత్త నంబరు ప్లేట్లు, విశాఖకు రెండు మూడుసార్లు వెళ్లిరావడానికి అయ్యే ఖర్చు కలిపి అరవై వేలలోంచి తీసేయండి. మిగిలేది పదో పదిహేనో వేలైతే జయపురం బండినే తీసుకోండి. ఆ బండిని ఏ మెకానిక్కు చూసేవాడో, ఏ రోడ్ల మీద తిరిగిందో నలుగురిని అడిగితే తెలుస్తుంది. అమ్మినవారు కూడా మీ ఊళ్లోనే ఉంటారు. విశాఖ బండే కావాలనుకుంటే ఈ ఖర్చంతా వారి ముందు పెట్టి, ఆ మేరకు ధర తగ్గించమని అడగడం న్యాయమే. చివరి విడత డబ్బు మాత్రం ఎన్‌వోసీ చేతిలో పెట్టినప్పుడే ఇస్తామని కాగితం మీద రాయించుకోండి. బండి మీద లోను ఉంటే అది తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఫారం 35 లేనిదే, చలాన్లు బకాయి ఉంటే అవి కట్టనిదే ఈ పని ముందుకు సాగదు. ఈ రెండు సంగతులూ ప్రభుత్వం వారి పరివాహన్ వెబ్‌సైటులో బండి నంబరు కొట్టి ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు.

ఇక నాకు బాగా తెలిసిన విషయం. అమ్మేవారిని ఇప్పుడున్న ఇన్సూరెన్సు పాలసీ కాపీ అడగండి. అందులో నో క్లెయిమ్ బోనస్ అని ఒక శాతం రాసి ఉంటుంది. క్లెయిము లేకుండా గడిచిన ప్రతి ఏడాదికీ అది 20, 25, 35, 45, 50 అని పెరుగుతూ పోతుంది. క్లెయిము జరిగితే మామూలుగా తిరిగి సున్నాకు వస్తుంది. ఆరేళ్ల బండికి ఒక్క గీత కూడా పడలేదని చెప్పే మనిషి పాలసీలో 50కి బదులు 20 ఉంటే, మధ్యలో ఏదో జరిగిందన్నమాట. అది పెద్ద ప్రమాదమే కానక్కరలేదు. గడువు దాటాక పాలసీ కట్టి ఉండవచ్చు, బోనస్‌ను తమ కొత్త కారుకు మార్చుకుని ఉండవచ్చు. కాని ఆ ప్రశ్న అడిగి, జవాబు విని, దానికి తగిన బిల్లు చూపించమనడం మీ హక్కు. బిల్లులో బంపరు, అద్దం మార్చినట్టు ఉంటే పరవాలేదు. ఛాసిస్ అనే బండి చట్రం గాని, పైకప్పును మోసే ముందువైపు పిల్లర్లు గాని సరిచేసినట్టు ఉంటే ఆ బండిని వదిలేయండి, ధర ఎంత తగ్గించినా సరే. అదే పాలసీలో ఐడీవీ అని బండి విలువ కూడా ఉంటుంది. నాలుగేళ్లు దాటి ఐదేళ్ల లోపున్న బండికి కొత్త బండి ధరలోంచి తరుగు కింద సగం తీసి ఆ విలువ కడతారు. బజారు ధర దానికంటే కొంత ఎక్కువే ఉంటుంది, కానీ బేరం మొదలుపెట్టడానికి అంతకంటే మంచి అంకె దొరకదు.

వరద సంగతి విడిగా చెప్పాలి. 2019లో ఆంధ్రాలో జిల్లాలన్నింటికీ ఏపీ 39 అన్న ఒకే సిరీస్ మొదలుపెట్టడంతో నంబరు చూసి బండి విశాఖదో విజయవాడదో చెప్పలేము. ఆర్సీలో రిజిస్టరు చేసిన ఆఫీసు పేరు చదవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు ఇళ్ల ముందున్న కార్లు కూడా మునిగాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన గజపతి జిల్లాలో వరదలు ఎలా వచ్చాయో నీకు గుర్తుండే ఉంటుంది. మునిగిన బండి మరమ్మతుకు అయ్యే ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కంపెనీ దానిని పూర్తి నష్టంగా లెక్కగట్టి యజమానికి డబ్బిస్తుంది. ఆ తుక్కు బండిని వేలంలో కొన్నవాళ్లు దానిని తుడిచి, సీట్ల గుడ్డ మార్చి, మళ్లీ బజారులో పెడతారు. అందులో వైర్ల జాయింట్లు నెమ్మదిగా తుప్పుపట్టి, ఎప్పుడో రాత్రిపూట రోడ్డు మీద బండి ఆగిపోతుంది. పిల్లలనూ పెద్దవాళ్లనూ ఎక్కించుకునే బండిలో అలాంటిది జరగకూడదు. సీటు బెల్టును చివరి దాకా బయటికి లాగి చూడండి, పైభాగం ఎంత శుభ్రంగా ఉన్నా లోపలి అంచున బురద చారిక మిగిలి ఉంటుంది. సీట్ల కింది పట్టాల తుప్పు, స్టెప్నీ ఉండే చోట ఒండ్రు, హెడ్‌లైటు లోపలి తేమ కూడా చూడండి. ఏసీ ఆపి, అద్దాలన్నీ మూసి పది నిమిషాలు కూర్చుంటే ముక్కిపోయిన వాసన ఉంటే తెలుస్తుంది.

ఇంజను విషయం నాకంటే మీ మెకానిక్కుకే బాగా తెలుసు. ఆయనకు రోజు కూలీ ఇచ్చి వెంట తీసుకువెళ్లండి. డీజిల్ బండి చూపిస్తే ఒక్కటి గుర్తుంచుకోండి. మారుతి వారు 2020 ఏప్రిల్‌లో డీజిల్ కార్లు ఆపేశారు కనుక, అది ఎంత మెరుస్తున్నా అంతకు ముందుదే. విశాఖ వీధుల్లో నడిపి చూస్తే సరిపోదు. సాలూరు దాటాక కొరాపుట్‌కు ఎక్కే ఘాట్ రోడ్డు మీదే మీ బండి తిరుగుతుంది. కుదిరితే నలుగురు కూర్చుని, ఏసీ వేసి, రెండో గేరులో ఎక్కించి దించండి. క్లచ్ జారుతోందో లేదో, దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి మెత్తబడుతున్నాయో లేదో అక్కడే తేలుతుంది. టైరు అంచున నాలుగంకెల ముద్రలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. పాతవైతే నాలుగు టైర్ల ఖరీదు ధరలోంచి తగ్గించమనండి.

ధర మాట్లాడేటప్పుడు 2025 సెప్టెంబరు 22 తర్వాతి కొత్త బండి ధరతోనే పోల్చండి. అప్పుడు కార్ల మీద జీఎస్టీ తగ్గింది కనుక, అంతకుముందు ఎవరో ఎంతకు అమ్మారన్న లెక్క ఇప్పుడు పనికిరాదు. వాడిన బండి వ్యక్తి దగ్గర కొంటే జీఎస్టీ లేదు. డీలరైతే తన లాభం మీదే 18 శాతం కట్టాలి, కాబట్టి మొత్తం ధర మీద పన్ను వేస్తే ఒప్పుకోవద్దు. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. రెండు లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం చట్టానికి విరుద్ధం.

కొన్న పద్నాలుగు రోజుల లోపల పాలసీని మీ పేరుకు మార్చమని ఇన్సూరెన్సు కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. ఎదుటివారికి జరిగే నష్టం భాగం బండితో పాటే వస్తుంది గాని, మీ బండికే దెబ్బ తగిలితే పేరు మారని పాలసీతో క్లెయిము నిలవదు. పాత యజమాని బోనస్ మీకు రాదు, ప్రీమియం కొంత పెరుగుతుంది. అది కూడా లెక్కలో వేసుకోండి. మీ ఆల్టో అమ్మేటప్పుడు ఇదే జాగ్రత్త తిరగేసి పాటించాలి. ఆర్సీలో పేరు ఎవరిదైతే ప్రమాదానికి పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది, కనుక కొన్నవారి పేరుకు మారిందని పరివాహన్‌లో చూసేదాకా ఆ పని అయినట్టు కాదు.

శనివారం లోపల ఆ ఎర్టిగా ఆర్సీ, పాలసీ రెండు వైపులా ఫోటో తీసి నాకు వాట్సాప్ చేయండి. నేను చదివి జవాబు పెట్టాకే అడ్వాన్సు సంగతి మాట్లాడండి. పాలసీ కాపీ ఇవ్వడానికి వారు వెనకాడితే విశాఖ ప్రయాణమే మానుకోండి.

మీ అత్తగారికీ మావయ్యగారికీ నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు
మీ అమ్మ