ఆ ఫొటోలో మిగతా సగం

సంపాదకులకు నమస్కారం.

గత నెల మీ ఆదివారం అనుబంధంలో మొదటి ప్రపంచ యుద్ధం నాటి వాహనాల మీద పూర్తి పేజీ వ్యాసం వచ్చింది. ఎంతో శ్రద్ధగా రాశారు, నేను రెండుసార్లు చదివాను. పేజీ మధ్యలో బురదలో నిలబడ్డ యుద్ధ ట్యాంకు బొమ్మ వేసి, దాని కింద ‘ఫిరంగి బండిని లాక్కెళ్తున్న ట్యాంకు’ అని అచ్చువేశారు. ఆ ఫొటో పదకొండేళ్లుగా నా బీరువాలో ఉంది. అది జంట ఫొటో. ఒకే అట్ట మీద పక్కపక్కనే రెండు బొమ్మలుంటాయి. మీరు వేసింది ఎడమది మాత్రమే. కుడిది ఎవరు ఎక్కడ కత్తిరించి పారేశారో తెలియదు గానీ, అది కూడా ఉండి ఉంటే ‘ఫిరంగి బండి’ అన్న పొరపాటు జరిగేది కాదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. యుద్ధాల మీద నాకు మోజు లేదు. యంత్రాల మీద ఉంది. యుద్ధకాలంలో బండ్లను, ఇంజన్లను, ఫిరంగులను తీసిన పాత స్టీరియో కార్డులను ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ పోగుచేస్తున్నాను. ఇప్పటికి నూట నలభై పైచిలుకు ఉన్నాయి.

స్టీరియో కార్డు అంటే తెలియనివారి కోసం నాలుగు మాటలు. మన రెండు కళ్ల మధ్య దూరం సుమారు ఆరున్నర సెంటీమీటర్లు. అందువల్ల ఎదుట ఉన్న వస్తువు ఒక్కో కంటికి కాస్త వేరుగా కనిపిస్తుంది. ఆ రెండు చూపులనూ కలిపి ఏది దగ్గరో ఏది దూరమో తేల్చేది మెదడు. ఈ సంగతిని 1838లో చార్లెస్ వీట్‌స్టన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త గీతల బొమ్మలతో రుజువు చేశాడు. ఫొటోగ్రఫీ గురించి లోకానికి తెలిసింది ఆ మరుసటి ఏడాది. తరవాత రెండు కటకాల కెమెరాలు వచ్చాయి. 1861లో ఆలివర్ వెండెల్ హోమ్స్ అనే అమెరికా వైద్యుడు చేత్తో పట్టుకుని చూసే చెక్క స్టీరియోస్కోపును తయారుచేసి, ఎవరైనా చేసుకోవచ్చునని పేటెంటు కూడా తీసుకోలేదు. నా దగ్గరున్నదీ ఆ తీరుదే. ఏడంగుళాల పొడవు, మూడున్నర అంగుళాల ఎత్తు ఉండే అట్టను తీగ పట్టీలో నిలిపి, దాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ చూడాలి. ఒకచోట రెండు బొమ్మలూ కలిసిపోతాయి. అంతవరకూ కాగితం మీద అతుక్కుని ఉన్న చక్రం లేచి నిలబడుతుంది, దాని వెనక గాలి కనిపిస్తుంది.

నాతో పనిచేసిన టర్నరు ఒకాయన మా ఇంటికి వచ్చినప్పుడు ఈ ట్యాంకు కార్డు చూపించాను. ముందు కుడి సగాన్ని కాగితంతో మూసి ఎడమ సగమే ఇచ్చాను. ‘ఏదో ఇనుప పెట్టె, వెనక బండి’ అన్నాడు, మీరు అనుకున్నట్టే. కాగితం తీసి స్టీరియోస్కోపు చేతికిచ్చాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, ‘అన్నా, ఈ చక్రాల చట్రం ట్యాంకుకే బిగించి ఉంది కదా, ఇది దేనికి?’ అని అడిగాడు. నలభై ఏళ్లు లేతు ముందు నిలబడ్డ మనిషి అడగవలసిన ప్రశ్న అది. విడి సగం చూసినప్పుడు ఆయనకు ఆ ప్రశ్నే తట్టలేదు.

అది దిశ మార్చడానికి పెట్టిన తోక. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో సోమ్ యుద్ధరంగం మీద ఫ్లేర్ గ్రామం దగ్గర బ్రిటిష్ సైన్యం మొట్టమొదటిసారి ట్యాంకులను దింపింది. ఆ మార్క్-1 రకానికి వెనక రెండు ఇనుప చక్రాలుండేవి. డ్రైవరు చేతిలోని చక్రం తిప్పితే ఉక్కు తీగల ద్వారా అవి తిరిగేవి, స్ప్రింగులు వాటిని నేలకు అదిమి పట్టేవి. 28 టన్నుల బరువు, 105 గుర్రాల శక్తి ఇంజను, లోపల ఎనిమిది మంది. మలుపు కాస్త పెద్దదైతే తోక చాలేది కాదు. బండిని ఆపి, రెండు వైపుల గొలుసులకూ విడివిడిగా ఉన్న గేర్లను ఇద్దరు మనుషులు మార్చాలి, డ్రైవరు ఒకడు, బ్రేకులు చూసే అధికారి ఒకడు. బండి తిప్పడానికే నలుగురు! ఇంజను మోతలో మాట వినపడక ఇనుము మీద కొట్టి సైగలు చేసుకునేవారు. బురదలో ఆ తోక వల్ల పెద్దగా ఉపయోగం లేదని తేలి, కొద్ది నెలల్లోనే తీసేశారు. కాబట్టి తోక ఉన్న ట్యాంకు కనిపిస్తే అది తొలినాళ్ల ట్యాంకు అని నమ్మకంగా చెప్పవచ్చు. మీ పేజీలో ఆ అరుదైన ఆనవాలే ‘ఫిరంగి బండి’ అయిపోయింది. నాకు బాధ కలిగింది అక్కడే.

యంత్రాల విషయంలో రెండో సగం ఎంత అవసరమో పనిముట్లు పట్టినవారికి తెలుస్తుంది. ఏ గొలుసు ఏ చక్రానికి ముందుందో, ఏ కడ్డీ ఎక్కడ వంగి ఎక్కడ బిగిసిందో ఒంటి బొమ్మలో ఊహించుకోవాలి, జంటలో కంటితో చూడవచ్చు. ఆ రోజుల్లో సైన్యాలకూ ఇది తెలుసు. విమానం మీద నుంచి కొంత ఎడంగా రెండు ఫొటోలు తీసి, జంటగా చూసి శత్రువుల కందకాల లోతును, దిబ్బల ఎత్తును అంచనా కట్టేవారు.

నా దగ్గరున్నవాటిలో ఎక్కువ భాగం రియలిస్టిక్ ట్రావెల్స్ అనే లండన్ కంపెనీవి. అట్ట అంచున లండన్, కేప్‌టౌన్ వంటి ఊళ్లతో పాటు బొంబాయి పేరు కూడా అచ్చయి ఉంటుంది. ఆ కంపెనీ నడిపిన గిర్డ్‌వుడ్ 1915లో ఫ్రాన్సుకు వెళ్లి అక్కడి భారత సైనికులను ఫొటోలు తీశాడు. వాటిలో కొన్ని దాడి దృశ్యాలు యుద్ధరేఖకు వెనక సైనికులతో మళ్లీ నటింపజేసి తీసినవే, అందుకని నేను మనుషుల పోరాటం కన్నా బండ్లున్న కార్డులనే ఎక్కువ నమ్ముతాను. లండన్ వీధుల్లో తిరిగే రెండంతస్తుల బి-టైపు బస్సులను తొమ్మిది వందల దాకా యుద్ధానికి పంపారు. కిటికీల అద్దాలు పగిలిపోతుంటే చెక్కలు కొట్టారు, ఒక్కోదానిలో ఇరవై అయిదు మందిని ఎక్కించారు. 1914 అక్టోబరులో మన సైనికులు కొందరు బెల్జియంలోని ఈప్ర్ దగ్గరి కందకాలకు వెళ్లింది ఈ బస్సుల్లోనే. నా బస్సు కార్డులో వెనక మెట్ల మీద ఒక కాలు కనిపిస్తుంది. బూటు, పైన చుట్టిన పట్టీ. మనిషి పైఅంతస్తు చాటున ఉన్నాడు. ఆ కాలు ఎవరిదో నేను ఎన్నిసార్లు ఆలోచించానో!

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చిన్న రైలు కార్డు. యుద్ధరేఖ దాకా గుండ్లు, ఆహారం చేరవేయడానికి 60 సెంటీమీటర్ల వెడల్పు పట్టాలు పరిచి, అమెరికాలోని బాల్డ్‌విన్ కంపెనీతో చిన్న ఆవిరి ఇంజన్లు చేయించారు. యుద్ధం ముగిశాక వాటిలో కొన్ని మన దేశానికి వచ్చి ఉత్తరాది చక్కెర మిల్లుల్లో చెరకు లాగాయి. రైల్వే మనిషిగా ఆ కార్డు చూసినప్పుడల్లా దూరపు చుట్టం ఫొటో చూసినట్టు ఉంటుంది.

ఇవన్నీ నాకు ముంబై చోర్ బజారులో, మన జుమ్మెరాత్ బజారులో దొరికాయి. అక్కడ చూసిన కొన్ని పనులు మాత్రం మరచిపోలేను. ఫ్రేములో ఇమడదని జంటను కత్తెరతో రెండు ముక్కలు చేసి, రెండు చోట్ల రెండు ధరలకు అమ్మినవారున్నారు. భద్రంగా ఉంటుందనుకుని పన్నెండు కార్డులకు ల్యామినేషన్ చేయించిన పెద్దమనిషి ఒకరున్నారు. ఆ వేడికి ఫొటో పొర మీద బుడగలు లేచాయి. వెనకవైపు అచ్చయిన వివరాలు పనికిరావని అట్ట నుంచి ఫొటోను నీళ్లతో ఊడదీసినవారూ ఉన్నారు. మోసం కూడా ఉంది. ఒకే ఫొటోను రెండుసార్లు అతికించి జంట అని అంటగడతారు. కొనేవారు చిన్న స్కేలు జేబులో పెట్టుకుంటే చాలు. నా బస్సు కార్డులో దూరపు చెట్టు నుంచి రెండో బొమ్మలోని అదే చెట్టుకు 77 మిల్లీమీటర్లు, బస్సు ముందు దీపం నుంచి దీపానికి 74. దగ్గరి వస్తువులకు దూరం తగ్గాలి. అన్నిటికీ ఒకే కొలత వస్తే అది జంట కాదు.

మిమ్మల్ని కోరేది ఒక్కటే. ఇలాంటి ఫొటో మీ చేతికి వచ్చినప్పుడు రెండు సగాలూ వేయండి. మూడు కాలమ్‌ల వెడల్పు సరిపోతుంది. జంట మొత్తం పన్నెండు సెంటీమీటర్లు దాటకుండా, ఎడమది ఎడమనే, కుడిది కుడినే ఉండాలి. పాఠకులకు ఏ పరికరమూ అక్కర్లేదు. బొమ్మల మధ్య గీత మీద ఒక పోస్టుకార్డును నిలువుగా నిలబెట్టి, దాని పైఅంచుకు కొద్ది దూరంలో ముక్కు ఉంచి, కిటికీలోంచి దూరంగా చూస్తున్నట్టు కళ్లను వదులు చేస్తే అర నిమిషంలో రెండూ కలుస్తాయి. దగ్గరి చూపు అందనివారు చదువుకునే కళ్లద్దాలు పెట్టుకోవాలి. నా కార్డు జిరాక్సుతో, మామూలు న్యూస్‌ప్రింట్ మీద తీసిన నకలుతో కూడా చేసి చూశాను, తోక చక్రాలు విడివడి స్పష్టంగా కనిపించాయి.

ఆ ట్యాంకు జంటను మీరు మళ్లీ వేసేటట్టయితే నా కార్డునే వాడుకోండి, డబ్బేమీ వద్దు. నేనే స్టీరియోస్కోపుతో సహా మీ కార్యాలయానికి తెచ్చి దగ్గరుండి చూపిస్తాను. ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఈ అట్టలను తయారీలోనే కొద్దిగా వంపు తిప్పారు. చదునుగా ఉండాలని స్కానరు మూతను అదిమితే ఫొటో పొర మధ్యకు చీలుతుంది. మూత తెరిచే ఉంచి, పైన నల్లగుడ్డ కప్పి తీయండి.

ఇట్లు,
విశ్రాంత రైల్వే ఫిట్టరు,
లాలాగూడ, సికింద్రాబాద్